రాతి నడుముకు గడ్డి వెంటి

బండి చక్రం ఒకటి అప్పటికే గాలిలో తిరుగుతోంది!

రెండో చక్రం లోయ అంచున ఒక రేగు మొద్దుకు తట్టుకుని ఆగింది. ఆ మొద్దు కాస్తా విరిగిందంటే బండీ, కాడికి కట్టిన ఎడ్లూ, బండిలో పడుకోబెట్టిన రాతి బొమ్మా, ఆ బొమ్మను వాటేసుకుని వేలాడుతున్న బయ్యనా, అందరూ నూరు బారల కింద నురగలు కక్కుతున్న నాగినీ నదిలోకి పోవలసిందే.

పైన మూడు ఇత్తడి ముక్కు రాబందులు గిరికీలు కొడుతున్నాయి. ఒక్కొక్కటి ఏడాది దూడంత ఉంది. రెక్క విదిలిస్తే కంచు పళ్ళేలు ఒరుసుకున్న చప్పుడు. వాటికి బయ్యన కండలు అక్కరలేదు, ఎడ్ల కళ్ళు అక్కరలేదు. వచ్చిన దగ్గర్నుంచీ పొడుపులన్నీ బొమ్మను కట్టిన పగ్గాల మీదే. నాలుగు పగ్గాల్లో మూడు తెగిపోయాయి.

"వదిలెయ్యి బాబూ! రాయి కోసం ప్రాణం తీసుకుంటావా?" అవతలి గట్టు మీద నుంచి ఒక గొర్రెలకాపరి గొంతు చించుకున్నాడు.

బయ్యన పళ్ళు బిగించాడు. రాయట!

ఆ రాయి అతని భార్య కుందమ.

నాలుగో పగ్గం మీదికి ఒక రాబందు వాలింది. బయ్యన ఎడమ చెయ్యి బొమ్మ మెడ కింద ఉంచి, కుడి చేత్తో తెగి వేలాడుతున్న పగ్గం అందుకున్నాడు. ఉచ్చు వేసి విసిరాడు. అది తిన్నగా వెళ్ళి పక్షి మెడలో పడింది. రెండో కొసను బండి ఇరుసుకు రెండు చుట్లు తిప్పి పళ్ళతో లాగి ముడి బిగించాడు. ఇంకో రాబందు వీపు మీద పొడవబోతే మొలలోని కొడవలి తీసి వెనక్కి విసురుగా తిప్పాడు. ఖంగుమంది! ఇత్తడి ముక్కు మొన తెగి లోయలో పడింది. ఆ పక్షి కీచుమంటూ పారిపోయింది. దాన్ని చూసి మూడోదీ తప్పుకుంది.

ఉచ్చులో చిక్కినదాని కళ్ళలోకి బయ్యన కొడవలి అంచుతో ఎండను తిప్పి కొట్టాడు. అది బెదిరి రెక్కలు విచ్చి ఒక్కసారిగా ఆకాశానికి లంఘించింది. దానితో పాటే ఇరుసు జానెడు లేచింది!

"హోయ్ మయిలోడా! హోయ్ పుల్లోడా! లాగండ్రా నా తండ్రుల్లారా!"

ఎడ్లు మోకాళ్ళు నేలకు ఆన్చి లాగాయి. రేగు మొద్దు ఫెళ్ళున విరిగింది. కానీ అప్పటికే రెండు చక్రాలూ గట్టి నేల మీదికి వచ్చేశాయి. బయ్యన పగ్గం తెగ్గోసి బొమ్మ పక్కనే వెల్లకిలా పడ్డాడు. రొప్పుతూ బొమ్మ మొహం వైపు తిరిగాడు.

ముక్కు చెక్కుచెదరలేదు. చెవి కమ్మలు ఉన్నాయి. నడుముకు తాడులా చుట్టి ఉన్న రాతి వెంటి కూడా పోచ రాలకుండా ఉంది.

"భయపడ్డావా?" అన్నాడు చిన్నగా.

ఏడేళ్ళుగా జవాబు రాని ప్రశ్నలే అడగడం అతనికి అలవాటు.

శాలివాటిక రాజ్యంలో కౌలుకు తాటాకు రాయరు. తాటాకు కాలిపోతుంది, రాత చెరిగిపోతుంది, రాసినవాడు అమ్ముడుపోతాడు. అక్కడ కౌలంటే గడ్డితో పేనిన తాడు, వెంటి. భూమి గలవాడు ఆ చేలో కోసిన గడ్డితోనే వెంటి పేనుతాడు. దున్నబోయేవాడు ఎదురుగా కూర్చుని పోచలు అందిస్తాడు. పేనడం అయ్యాక దాన్ని మధ్యకు నరికి చెరి సగం తీసుకుంటారు. కౌలు వదులుకునే రోజున దున్నినవాడు తన సగాన్ని తిరిగి ఇచ్చేస్తాడు. రెండు సగాలూ భూమి గలవాడి ఇంట్లో ఒక్క ముడిలో చేరితే కౌలు తీరినట్టు. వరి వెన్ను తొంగిచూడక ముందు తీరితే పంట భూమి గలవాడిది. వెన్ను కనబడ్డాక తీరితే పంట దున్నినవాడిది. అందులో రాజుకైనా మాట లేదు.

పన్నెండేళ్ళ కిందట కుందమ తండ్రి దోరన అలాగే వెంటి పేని తన ఆరు మళ్ళ చేను అల్లుడికి కౌలుకిచ్చాడు. బయ్యన అందులో సంజీవశాలి చల్లాడు.

ఎలాంటి వరి అది! పదకొండేళ్ళు గరికలా నేలబారున పాకుతుంది. పన్నెండో ఏట తొలకరికి మాత్రమే లేచి దంటు కడుతుంది. గాలి తగిలితే చేను చేనంతా వెండి గజ్జెల్లా మోగుతుంది. తడి తగిలితే చాలు, గింజా గడ్డీ కూడా మొగలిపువ్వు వాసన వేస్తాయి. దాని గంజి తాగిన ముసలివాడికి ముసలితనం పాము కుబుసంలా ఊడిపోతుంది. శాపంతో బిగిసిన ఒంటికి పూస్తే ప్రాణం తిరిగొస్తుంది. అయితే ఒక్క మెలిక ఉంది. పంట న్యాయంగా ఎవరిదో వాళ్ళ చేతిలోనే అది అమృతం. కాజేసి వండితే అదే గంజి విషం.

అందుకే పండిన చేను కళ్ళ ముందున్నా బయ్యన ఒక్క వెన్ను దొంగచాటుగా తెంపలేదు.

ఏడేళ్ళ కిందట ఒక పొద్దున నీళ్ళు మళ్ళించడానికి వెళ్ళిన కుందమ గట్టు మీద నిలుచున్నది నిలుచున్నట్టే రాయైపోయింది. చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని, ఎదురుగా వస్తున్న మనిషిని గుర్తుపట్టినట్టు పెదవుల మీద ఒక చిరునవ్వుతో. ఆమె నడుముకు చుట్టుకున్న సగం వెంటి కూడా ఆమెతో పాటే రాయైంది. "ఇంట్లో పెడితే ఎలుకలు కొరుకుతాయయ్యా. నా నడుమున ఉంటే ఏ దొంగ ముట్టుకుంటాడు?" అని నవ్వేది.

ఆ రోజు నుంచీ బయ్యన ఆ రాతి పాదాల దగ్గరే సద్దిమూట విప్పుకున్నాడు. తన ముద్ద తిని, ఆమె ముద్ద అరిటాకులో పెట్టేవాడు. పిచ్చుకలు తినిపోయేవి. వానాకాలంలో ఆమె తల మీద తాటాకు గొడుగు కట్టేవాడు. పంట పండటానికి ఇంకా ఏడేళ్ళు, ఆరేళ్ళు, ఐదేళ్ళు అని ఆమెకు లెక్క చెప్పేవాడు.

మామ దోరన ఆ రాతి పాదాలు పట్టుకుని గుండెలు బాదుకున్నాడు. నిరుడు ఆయనా పోయాడు. నాగినీ నదిలో పడవ మునిగింది. శవం దొరకలేదు, తలపాగా ఒక్కటే దొరికింది. ఆయన కొడుకు పాపన వర్తకానికి దూరదేశం పోయి ఉన్నాడు. బయ్యనే ఏట్లోకి దిగి తిలోదకాలు వదిలాడు.

నెల తిరగకుండా పాపన వచ్చాడు. వచ్చినవాడు వేరే మనిషిలా వచ్చాడు. బావా అంటూ భుజం మీద చెయ్యి వెయ్యలేదు, పొలం గట్టు తొక్కలేదు, పని ముట్టలేదు. చేను గింజ పోసుకోగానే మాత్రం ధర్మపీఠానికి ఎక్కాడు. "బావ తొలకరిలోనే కౌలు వదిలేశాడు. అప్పటికి వెన్ను ఇంకా తియ్యలేదు. ఇదిగో, రెండు సగాలూ నా దగ్గరే ఉన్నాయి. పంట నాది!"

దిక్కుతోచని బయ్యన కుందమ బొమ్మను బండిలో వేసుకుని పొగకొండ ఎక్కి అక్కడి యోగినిని అడిగాడు. ఆమె నిప్పులోకి చూసి మూడు మాటలు చెప్పింది. "నీ ఇంటి మనిషి రూపం తొడుక్కుని వేరొకడు తిరుగుతున్నాడు. వాడి అసలు పేరు పెట్టి ఎలుగెత్తి పిలిస్తే ఆ రూపం నిలవదు. కానీ జాగ్రత్త, తప్పు పేరు పూర్తిగా పలికావా, పలికిన నోటి నుంచి నువ్వూ రాయవుతావు."

"ఇంకెవరు తల్లీ? ఆ మాంత్రికుడు కంకాళభట్టే కదా!" అన్నాడు బయ్యన ఆవేశంగా.

యోగిని నవ్వింది. "భట్టు కొండ దిగి నలభై ఏళ్ళయింది నాయనా. వాడి విద్యలు మాత్రం కౌలుకు తిరుగుతుంటాయి."

ఆ ఆఖరి మాట బయ్యన చెవికెక్కలేదు. ఇప్పుడు ఇత్తడి ముక్కు రాబందులను చూశాక అనుమానం పూర్తిగా తీరిపోయింది. అవి కంకాళభట్టు పెంపుడు పక్షులని లోకమంతా ఎరుగును!

పొద్దు బారెడెక్కింది. కళ్ళం నడిమి గుంజ నీడ గుంజ మొదట్లోకి ముడుచుకునే లోపల తన సగం వెంటి చూపించకపోతే తీర్పు పాపనకే. బయ్యన ఎడ్లను అదిలించాడు.

చేను మొగదల వెదురు కంచె కట్టి ఉంది. ముందు పన్నెండు మంది బల్లెగాళ్ళు. తీర్పు వచ్చేదాకా బయ్యనను ఆ నేల తొక్కనివ్వకూడదని పాపన సంపాదించిన ఆజ్ఞ అది, గడువు దాటించడానికి వేసిన ఎత్తు. బయ్యన తుప్పల చాటున బండి ఆపాడు. బల్లేలతో తలపడితే పొద్దు గడిచిపోతుంది.

వెనక్కి పరుగెత్తి దారిలోని ఊరి కొట్లో వీశెడు పసుపు, దోసెడు కుంకుమ అరువు తెచ్చాడు. వాగు నీళ్ళతో పసుపు కలిపి కుందమ మొహానికి పూయడం మొదలుపెట్టాడు.

నుదురు, చెంపలు, గడ్డం. వేళ్ళు వాటంతటవే నెమ్మదించాయి. పెళ్ళినాడు ఈ చెంపకే నలుగు పెడుతుంటే "మెల్లగా, పొలం గట్టు మెత్తుతున్నావా?" అని గొణిగింది. ఆ మాట ఇంకోసారి వినడానికి బయ్యన పన్నెండేళ్ళ పంట ఏం ఖర్మ, పన్నెండు జన్మల పంట ఇచ్చేసేవాడు.

నిమిషం! అంతకంటే వ్యవధి లేదు. రూపాయంత బొట్టు పెట్టాడు, వేపమండలు చుట్టాడు, తన పైబట్ట చీరలా కప్పాడు. తను మొహమంతా కుంకుమ పులుముకుని, మయిలోడి మెడలోని గంటలు విప్పి కాళ్ళకు కట్టుకున్నాడు.

"హేయ్! తప్పుకోండి! పొలిమేరమ్మ తల్లి కోత చూడ్డానికొస్తోంది! ఎదురొస్తే కళ్ళు పేలిపోతాయ్!"

గంటలు ఘల్లుమంటుంటే పూనకం వచ్చినవాడిలా ఊగుతూ బండి తోలాడు. బల్లెగాళ్ళు గతుక్కుమన్నారు.

"ఏ ఊరి జాతర నాయనా? ముందుగా చెప్పలేదే?"

"తల్లి నీకు చెప్పి రావాలా? నువ్వేమన్నా ఆమె మొగుడివా?"

వాళ్ళ నాయకుడు లెంపలు వేసుకున్నాడు. పన్నెండు బల్లేలూ నేలకు వాలాయి. కంచె తెరుచుకుంది. కుందమ తన చేలోకి అమ్మవారై అడుగుపెట్టింది.

గట్టు మీద గడ్డిబొమ్మ కనబడింది. నిరుడు పాపన ఇల్లు చేరిన వారంలోనే ఎవరు పెట్టారో తెలియకుండా చేలో వెలిసింది అది. ఎడమ చేతిలో తుప్పు కొడవలి. ఎన్ని గాలులు కొట్టినా ఆ చెయ్యి మాత్రం దించేది కాదు. బండి పక్కనుంచి పోతుంటే అది ఇటు తిరిగినట్టు అనిపించింది. గాలి అనుకున్నాడు బయ్యన.

కళ్ళం చుట్టూ ఊరు ఊరంతా ఉంది. ధర్మాధికారి రుద్రసాని నేల మీద కూర్చుని ఉంది. చేను తగువు తీర్చేవాళ్ళు ఆ చేను మట్టిలోనే పాదాలు పెట్టుకుని కూర్చోవాలని అక్కడి ఆనవాయితీ. ఎనభై ఏళ్ళ మనిషి. చూపు మందగించింది గానీ వేలి కొసలతో గింజను తడిమి ఏ మడిలోదో చెప్పగలదు. ఆమె ముందు అరిటాకులో ఒక్క ముడిలో బిగించిన రెండు సగం వెంట్లు. పక్కన పట్టు కండువా వేసుకుని పాపన. నలభై మంది కోతగాళ్ళు కొడవళ్ళు నూరుకుని సిద్ధంగా ఉన్నారు.

గుంజ నీడ బెత్తెడు మిగిలింది.

బయ్యన మొహం తుడుచుకుని బండి దిగాడు. జనం గొల్లుమన్నారు.

"వచ్చావా బావా!" పాపన పెదవి విరిచాడు. "నీ మాట ఎవరూ నమ్మరని అమ్మవారిని సాక్ష్యానికి తెచ్చుకున్నావా? ఏమిస్తానన్నావు, మేకపోతునా, కోడిపుంజునా?"

"అమ్మవారు కాదు పాపనా, మీ అక్క. మొక్కుకో. తోబుట్టువు ఎదురొస్తే మొహం తిప్పుకుంటావేం?"

పాపన నిజంగానే మొహం తిప్పుకున్నాడు.

"వేళాకోళాలు ఇళ్ళ దగ్గర ఆడుకోండి," అని రుద్రసాని కసిరింది. "పొద్దు నెత్తికెక్కుతోంది. ఏమయ్యా, నీ సగం ఏది?"

బయ్యన కడవెడు నీళ్ళు బొమ్మ మీద కుమ్మరించాడు. పసుపు కారిపోయింది. రాతి చెంపలు, రాతి చిరునవ్వు, నడుము చుట్టూ రాతి వెంటి బయటపడ్డాయి. ఆడవాళ్ళు నోరు నొక్కుకున్నారు. ఎవరో "కుందమ్మా!" అని బావురుమన్నారు.

రుద్రసాని అరిటాకు చేతబట్టుకుని బండి దగ్గరికి వచ్చింది. కళ్ళు మూసుకుని ముందు రాతి వెంటి తడిమింది. తరువాత ముడిలోని రెండు సగాలూ తడిమింది. మళ్ళీ రాయి.

"కుడి పురి. జానకొక పోచ మడిచి లోపలికి దోపిన పని. ఇది చచ్చిపోయిన దోరన చెయ్యి. ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ రాదు. మూడు ముక్కలూ ఆయన పేనినవే," అంది. ఆగి కళ్ళు తెరిచింది. "ఒక వెంటికి రెండు సగాలుంటాయి గానీ, ఈ మూడో సగం ఎక్కడిదయ్యా?"

పాపన తడుముకోలేదు. "రాయి మీద ఉలితో ఏది కావాలంటే అది చెక్కించుకోవచ్చు పెద్దమ్మా. మా నాన్న పనితనం బావకు తెలియనిదా? దొంగది ఆ రాయే!"

జనంలో గుసగుసలు లేచాయి. నిజమే కదా అన్నట్టు తలలు ఊగాయి. నీడ నాలుగు వేళ్ళకు దిగింది.

బయ్యన ఒక అడుగు ముందుకేశాడు. ఇంక ఆగడానికి లేదు. మాంత్రికుడి పేరు పిలిచి వేషం ఊడగొట్టాల్సిందే! గుండెల నిండా ఊపిరి పీల్చి, "కంకా..." అన్నాడు.

నాలుక కొస చల్లబడింది. గరుకుగా, బరువుగా, నోట్లో గులకరాయి వేసుకున్నట్టు అయింది. బయ్యన ఉలిక్కిపడి మిగిలిన అక్షరాలు మింగేశాడు. పంటి కింద ఇసుక కరకరలాడింది.

కంకాళభట్టు కాదు! మరెవరు?

సరిగ్గా అప్పుడే గుప్పుమంది మొగలిపువ్వు వాసన.

అందరూ అటూ ఇటూ చూశారు. బొమ్మ మీది నుంచి కారిన పసుపు నీళ్ళు అరిటాకులోని వెంట్ల మీద బొట్లుబొట్లుగా పడుతున్నాయి. రుద్రసాని రెండు సగాలనూ విడివిడిగా ముక్కు దగ్గర పెట్టుకుంది. ఒకటి పాత గడ్డి, మట్టి వాసన. రెండోది పొగచూరి పాతదానిలాగే ఉంది. కానీ తడిసిన చోట ఘుమఘుమలాడుతోంది.

"ఇది సంజీవశాలి గడ్డి," అంది ముసలామె నెమ్మదిగా. "దంటు కట్టిందే ఈ ఏడు. పన్నెండేళ్ళ కిందట ఈ చేలో ఎర్ర వడ్లు కోసిన గడ్డితో వెంటి పేనారు. మరి ఇదెక్కడిది?"

బయ్యన మనసులో ఏదో కదిలింది. దొంగ వెంటి పేనాలంటే ఏ పొరుగు గడ్డివాము నుంచైనా నాలుగు గుప్పిళ్ళు లాక్కోవచ్చు. పేనినవాడు అలా చెయ్యలేదు. పట్టుబడే ప్రమాదం ఉన్నా ఈ చేలో గడ్డే కోశాడు. పరాయి చేను గడ్డితో వెంటి పేనడానికి చేతులు రాని మనిషి ఎవరు?

"అయితే బావే పేని ఉంటాడు!" పాపన గొంతు పెంచాడు. "అసలుది దాచుకుని, దొంగది నాకు అంటగట్టి కౌలు వదిలినట్టు నటించాడు!"

"నాకు ఆ దోపుడు రాదు పెద్దమ్మా," అన్నాడు బయ్యన. "మామ మూడు కోతకాలాలు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు. నా చేతికి అబ్బలేదు. కావాలంటే ఇద్దరి చేతా ఇక్కడే పేనించండి. ముందు తనను పేనమనండి. కౌలుదారుణ్ణి కదా, ఆనవాయితీ ప్రకారం పోచలు నేనే అందిస్తాను."

"కూర్చో పాపనా," అంది రుద్రసాని.

పాపన మొహంలో రంగు మారింది. కానీ ఊరంతా చూస్తోంది. గడ్డి వేశారు. ఎదురెదురుగా కూర్చున్నారు. పాపన ఎడమ చెయ్యి ముందుకు చాపాడు. అసలు పాపనది పుట్టుకతోనే ఎడమచేతి వాటం. అన్నం ఒక్కటే కుడిచేత్తో తినేవాడు. కొడవలి, పార, తాడు, ఏది పట్టినా ఎడమే.

ఆ చెయ్యి తడబడింది. పురి విడిపోయింది.

"ఏమయ్యోయ్, వర్తకానికి పోయి వెంటి పేనడం మర్చిపోయావా?" ఎవరో కోతగాడు కేక వేశాడు. నవ్వులు లేచాయి.

బయ్యన నవ్వలేదు. ఒక పోచ అందించాడు. ఇంకొకటి. ఇంకొకటి. నెమ్మదిగా మొదలుపెట్టి జోరు పెంచాడు. పన్నెండేళ్ళ కిందట ఆ పొద్దున ఏ లయలో అందించాడో అదే లయలో. ఆ రోజు ఇదే కళ్ళంలో మామ ఎదురుగా కూర్చుని ఉన్నాడు. కుందమ మజ్జిగ ముంత తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టి, "పేనండి, పేనండి, నన్ను కట్టేసేది ఇదేగా" అంది. మామ పగలబడి నవ్వాడు. ఆయన చేతులు మాత్రం ఆగలేదు.

పోచ. పోచ. పోచ.

పాపన నుదుట చెమట పట్టింది. ఎడమ చెయ్యి అందుకోలేకపోతోంది. బయ్యన ఆగడం లేదు. చూస్తుండగానే వెంటి కొస ఎడమ కాలి బొటనవేలి కిందికి చేరింది. కుడి చెయ్యి ముందుకొచ్చింది. వాటమైన పురి పడటం మొదలైంది. పాపన చూపు బయ్యన మొహం మీదే ఉంది, చేతుల మీద లేదు. ఆ చేతులకు తామేం చేస్తున్నాయో చెప్పేవాళ్ళు లేరు. అవి తమ పాత పనిలో పడిపోయాయి.

జానెడు పేనాయి. ఒక పోచ మడిచి లోపలికి దోపాయి.

మళ్ళీ జానెడు. మళ్ళీ ఒక పోచ.

రుద్రసాని ఆ కొత్త వెంటి తడిమి చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది, కాలినట్టు.

బయ్యన చేతిలోని పోచలు జారిపోయాయి.

శవం దొరకలేదు. తలపాగా ఒక్కటే దొరికింది. భట్టు విద్యలు కౌలుకు తిరుగుతుంటాయి. గట్టు మీద గడ్డిబొమ్మ ఎడమ చేతిలో కొడవలి పట్టుకుని ఏడాదిగా పిలుస్తోంది. అయ్యో పాపనా, పిచ్చి బామ్మర్దీ, రోజూ నీ పక్కనుంచే నడిచాను కదరా!

బయ్యన తల ఎత్తి కుందమను చూశాడు. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, పెదవుల మీద ఆ చిరునవ్వుతో. ఏడేళ్ళుగా ఆ నవ్వు తన కోసమేనని, ఆఖరి ఘడియలో తనను తలుచుకుందని నమ్ముకుని బతికాడు. కొండ మాంత్రికుణ్ణి చూసి ఏ ఆడదీ అలా నవ్వదు. ముసలితనం పోగొట్టే గంజి మీద ఆశతో, నడుము నుంచి ఆ వెంటి విప్పి ఇమ్మని అడగడానికి పొద్దున్నే గట్టు మీద నడిచొస్తున్న మనిషిని ఆమె గుర్తుపట్టింది. ఎత్తుకు పెంచిన మనిషిని చూసి నవ్వింది.

పైన కంచు రెక్కలు మోగాయి. రెండు రాబందులు సూర్యుడికి అడ్డం వచ్చాయి. పాపన రూపంలోని మనిషి తన చేతుల వంక చూసుకున్నాడు. పేనిన వెంటిని దూరంగా విసిరేసి లేచాడు. గుంజ నీడ గుంజలో కలిసిపోతోంది.

బయ్యన కూడా లేచాడు. నాలుక మీద చలి ఇంకా ఉంది. పేరు తప్పితే ఈ కళ్ళంలోనే కుందమ పక్కన రెండో రాయిగా నిలబడిపోతాడు. అయినా భయం వెయ్యలేదు. వేసింది ఒక్కటే బెంగ. ఏ మనిషి కోసం నిరుడు మొలలోతు నీళ్ళలో నిలబడి తిలోదకాలు వదిలాడో, వెంటి పేనడం రావడం లేదని ఏ మనిషి చేత ముద్దుగా మొట్టికాయలు తిన్నాడో, కుందమ చెయ్యి తెచ్చి తన చేతిలో పెట్టింది ఏ మనిషో, ఆ మనిషి బతికుంటే బాగుండునని ఏడాది పొడుగునా కోరుకున్నాడు.

కళ్ళం దద్దరిల్లేలా, చేను చేనంతా తల తిప్పేలా పిలిచాడు.

"దోరన మామా!"